మూత లోపల పెన్సిల్ రాత

ఏ యాంప్లిఫయర్ బల్ల మీదికి వచ్చినా ఆమె ముందు కుడిచెయ్యి తిరగేసి, వెనక భాగాన్ని దాని వీపుకు ఆనిస్తుంది. జ్వరం చూసినట్టు ఉంటుంది. కొత్తవాళ్ళు నవ్వుతారు. ఆమె నవ్వదు. అరచేత్తో ముట్టుకుంటే, షాక్ కొట్టినప్పుడు వేళ్ళు ముడుచుకుని కొట్టినదాన్నే పట్టుకుంటాయి. చెయ్యి తిరగేసి ముట్టుకుంటే అది తనంతట తానే వెనక్కి వస్తుంది. ఇరవై రెండేళ్ళుగా ఆ చెయ్యి వెనక్కి వస్తూనే ఉంది. అందుకే ఇంకా ఉంది.

అందరూ ఆమెను మీటరమ్మ అంటారు. మెడలో వేలాడే మీటరు, చెవి వెనక పెన్సిలు లేకుండా ఆమెను చూసినవాళ్ళు తక్కువ. అసలు పేరు ఇంట్లోవాళ్ళకే అప్పుడప్పుడు గుర్తొస్తుంది.

ఆమె పనిచేసే గది హాలు మెట్ల కింద ఉంది. పైన సభలు, పాటల పోటీలు, ఉపన్యాసాలు. కింద ఆమె. మెట్లు ఏటవాలు కాబట్టి గదిలో ఒక చివర నిలబడొచ్చు, ఇంకో చివర కూర్చోవాల్సిందే. కూర్చోవాల్సిన చివర బల్ల. బల్ల మీద సోల్డరింగ్ ఐరన్, అంచు విరిగిన పళ్ళెంలో స్క్రూలు, గోడకు ఒక బల్బు. బయట తలుపుకు పైన హాలు వెనక కిటికీ. దాని అద్దం చట్రంలో వదులుగా ఉంటుంది.

గది హాలుది. మామగారి కాలం నుంచి ఒక ఒప్పందం. హాలు యాంప్లిఫయర్ ఎప్పుడు పాడైనా బాగుచెయ్యాలి, గది వాడుకోవచ్చు. దానికి కాగితం లేదు. మాట ఉంది.

విద్య కూడా మామగారిదే. ఆమె కాపురానికి వచ్చిన రెండో ఏడు ఆయన చేతులు వణకడం మొదలుపెట్టాయి. టంకం చుక్క ఒకచోట పెట్టబోతే ఇంకోచోట పడేది. ఒకరోజు అన్నం క్యారియరు తెచ్చిన కోడలితో, "అమ్మాయ్, ఈ చుక్క అక్కడ పెట్టు" అన్నాడు. పెట్టింది. మర్నాడు క్యారియరు అత్తగారు తెచ్చింది.

"బుర్ర నాది, చెయ్యి నీది. ఇద్దరం కలిస్తే ఒక మెకానిక్" అనేవాడాయన.

ఆయన పోయాక కొందరు అడిగారు. చెయ్యి సరేనమ్మా, ఇప్పుడు బుర్ర ఎవరిది అని. "పోయేముందు నాకు ఇచ్చి పోయాడండీ. మీకేమైనా ఇస్తానన్నాడా?" అంది ఆమె. 

ఆయన ఆమెకు మూడు అలవాట్లు ఇచ్చాడు. చెయ్యి తిరగేసి ముట్టుకోవడం ఒకటి. బాగుచేసిన దేన్నీ నేరుగా కరెంటుకు తగిలించకుండా, మధ్యలో గోడ బల్బును పెట్టడం ఇంకొకటి. లోపల తప్పు మిగిలి ఉంటే బల్బు భగ్గున వెలుగుతుంది. తప్పు లేకపోతే ఒక్కసారి మెరిసి, మసకబారి, నిమ్మళిస్తుంది. మంట లోపల పుట్టకుండా బల్బు తన మీద వేసుకుంటుంది.

మూడోది పెన్సిల్. మూత బిగించే ముందు, మూత లోపలి వైపు తేదీ, ఏం కాలింది, ఏం వేశాం అని రాయడం. ఆ రాత మళ్ళీ మూత విప్పినవాడికే కనిపిస్తుంది. వాడూ మెకానికే అయి ఉంటాడు. మెకానిక్ మెకానిక్‌తో అబద్ధం చెప్పకూడదు అని మామగారి మాట.

"డాక్టరు చీటీ రోగి కడుపులో పెట్టి కుట్టినట్టు" అనేది అత్తగారు. ఆవిడకు చెవులు సరిగా వినపడవు. అది మొగుడి యాంప్లిఫయర్ల పుణ్యమేనని ఆవిడ లెక్క. అందుకే గుసగుసలాడినా వీధి చివరకు వినిపిస్తుంది.

మామగారు ఇంకో మాట కూడా చెప్పాడు. స్పీకరు బాక్సులు చూడకుండా యాంప్లిఫయర్ మీద చెయ్యి వెయ్యకు. కాలింది ఇక్కడైనా కాల్చింది అక్కడ ఉంటుంది. ఆ ఒక్క మాట ఆమె ఒక్కసారి తప్పింది.

హాలుకు కొత్త బాక్సులు వచ్చాయి. తెచ్చింది హాలు కమిటీ అధ్యక్షుడిగారి అల్లుడు. తనే ఎంచాడు, తనే బిగించాడు. అందరూ అతన్ని అల్లుడుగారు అనే పిలుస్తారు, అధ్యక్షుడిగారితో సహా. చెడ్డవాడు కాదు. తెలియదని చెప్పడం తెలియనివాడు.

బాక్సులు వచ్చిన నెలకు యాంప్లిఫయర్ మూగబోయింది. రెండు ట్రాన్సిస్టర్లు కాలాయి. ఆమె మార్చి, బల్బు మీద చూసి, తన గదిలోని బాక్సుకు తగిలించి గంటసేపు పాడించి పంపింది. మూత లోపల ఒక లైను రాసింది.

ఇరవై రోజులకు మళ్ళీ వచ్చింది. ఈసారి నాలుగు కాలాయి. ఫ్యూజు ఉండాల్సిన చోట పురిపెట్టిన రాగితీగ ఉంది. ఫ్యూజు పోయినప్పుడల్లా ఎవరో విసుగొచ్చి, ఇక పోకుండా చేశారు.

"అల్లుడుగారూ, పైన ఎన్ని బాక్సులు?" అని అడిగింది.

"యాంప్లిఫయర్‌కి రెండే."

ఒక్కోటీ ఎనిమిది ఓములది, అంటే కరెంటుకు అంత అడ్డు. పక్కపక్కన రెండు కలిస్తే దారి రెండింతలై, అడ్డు సగమై నాలుగు. యాంప్లిఫయర్ వెనక కూడా అదే అచ్చువేసి ఉంది, నాలుగుకు తగ్గకూడదు అని. సరిపోయింది. ట్రాన్సిస్టర్లు నాసివి అయి ఉంటాయనుకుంది. మంచివి వేసింది, అసలు ఫ్యూజు పెట్టింది, రెండో లైను రాసి ఇచ్చేసింది. నెత్తి మీద హాలు. పద్నాలుగు మెట్లు. ఎక్కలేదు.

ఆ రోజుల్లోనే వెనక కిటికీ అద్దం అదరడం మొదలైంది. పైన పాట పెట్టగానే తలుపు మీద గజగజ శబ్దం. పక్కనే తన సొంత గదిలో కుట్టుమిషను తొక్కే దర్జీ, "అక్కా, మీ హాలుకి చలిజ్వరం పట్టుకుంది" అన్నాడు. ఆమె నవ్వింది. చెవులు ఉండి విన్నది, విని ఆలోచించలేదు. ఆ సంగతి తర్వాత ఆమెను ఎక్కువగా పొడిచింది.

మూడోసారి పిల్లల పద్యాల పోటీలో జరిగింది. యాంప్లిఫయర్‌లోంచి పొగ లేచింది. ముందు వరసవాళ్ళు అదీ కార్యక్రమంలో భాగమనుకుని చప్పట్లు కొట్టారు.

శనివారం పొద్దున అధ్యక్షుడుగారు కిందికి వచ్చాడు. వెనక అల్లుడుగారు, చేతుల్లో యాంప్లిఫయర్. అధ్యక్షుడి చేతిలో తెల్ల కాగితం.

"మీటరమ్మా, రేపు నాలుగింటికి కమిటీ కూర్చుంటుంది. ఎందుకు కాలుతోందని అడుగుతారు. రిపేరు లోపం వల్ల అని ఒక్క లైను రాసి సంతకం పెట్టు. మిగతాది నేను చూసుకుంటాను."

ఆమె చెయ్యి తిరగేసి యాంప్లిఫయర్ వీపు మీద పెట్టింది. నిన్నటి మంట చల్లారిపోయి ఉంది. మూత విప్పింది. మాడిన వాసన గదంతా పరుచుకుంది.

"ముందు పైకి వచ్చి బాక్సులు చూస్తానండీ."

"బాక్సులకేం? కొత్తవి."

"కొత్తవే గదండీ. చూస్తే అరగవు."

పద్నాలుగు మెట్లు ఎక్కింది. వేదికకు అటొకటి, ఇటొకటి, రెండు బాక్సులు. వాటి వెనక నుంచి గోడ వెంట, తివాచీ కింద నుంచి వైర్లు వెనక్కి పోతున్నాయి. వాటి వెంట నడిచింది. హాలు వెనక, కిటికీకి ఆనుకుని, ఇంకో రెండు బాక్సులు. నిలబడి కిటికీ అద్దం వైపు చూసింది. తన తలుపు సరిగ్గా దాని కింద.

"ఇవి?"

"ఇవి యాంప్లిఫయర్‌కి కాదు" అన్నాడు అల్లుడుగారు. "వెనక కూర్చున్నవాళ్ళు వినపడటం లేదంటే ముందు బాక్సుల్లోంచి తీసుకున్నాను. ప్రతి బాక్సు వెనకా ఇంకో రంధ్రం ఉంటుంది. అందులోంచి. యాంప్లిఫయర్‌కి రెండు వైర్లే పోతున్నాయి. కావాలంటే లెక్కపెట్టుకోండి."

అబద్ధం కాదు. అతను నిజంగా అలాగే అనుకున్నాడు. ఆమెకు కోపం రాలేదు.

"అల్లుడుగారూ, మీ ఇంటి వంటింట్లో కుళాయి ఉంది. దానికి గొట్టం తగిలించి పెరట్లోకి ఇంకో కుళాయి పెట్టారు. నీళ్ళు ఎక్కడివి?"

"తొట్టివే."

"వంటింటి కుళాయివి కావు గదా. ఇదీ అంతే. రంధ్రం ఎవరి వీపున ఉన్నా తాగేది ఒకే తొట్టి. రెండు కుళాయిల తొట్టికి నాలుగు తిప్పారు. చిన్నగా పాడితే ఓర్చుకుంటుంది. గట్టిగా పెడితే తన ఒళ్ళు కాల్చుకుంటుంది."

అతను అధ్యక్షుడి వైపు చూశాడు. ఆమె మెడలోని మీటరు తీసి అతని చేతికి ఇచ్చింది. యాంప్లిఫయర్ దగ్గరికి వచ్చే రెండు వైర్ల జతల్నీ కలిపి పట్టుకుంది.

"మీరే చదవండి. నేను చదివితే మీటరమ్మ మీటరు అంటారు."

"ఒకటిన్నర" అన్నాడతను.

వెనక్కి వెళ్ళి రెండు బాక్సుల వైర్లు పీకి వచ్చింది. మళ్ళీ పట్టుకుంది.

"మూడు."

"ఎనిమిది ఓముల బాక్సును మీటరుతో కొలిస్తే ఆరు చూపిస్తుంది. రెండుంటే మూడు. అది సబబు. నాలుగుంటే ఒకటిన్నర. అడ్డు సగమైతే లోపల పరిగెత్తే కరెంటు రెట్టింపు. వెనకవాళ్ళకు వినపడాలంటే వేరే వరసలో కలిపి ఇస్తాను. మోత కొంచెం తగ్గుతుంది. యాంప్లిఫయర్ బతుకుతుంది."

అల్లుడుగారు మీటరు వైపే చూస్తున్నాడు. సూది ఎక్కడైనా మనసు మార్చుకుంటుందేమోనన్నట్టు.

అధ్యక్షుడు ఆమెను పక్కకు పిలిచాడు. "ఇవన్నీ కమిటీకి అర్థం కావు. వాళ్ళకు ఒక కారణం కావాలి."

"ఇది కారణమే గదండీ."

"ఇది కాదు. బాక్సులు తెచ్చింది మా అల్లుడని అందరికీ తెలుసు. ఇది చెబితే రేపు మా ఇంట్లో పొయ్యి వెలగదు. నువ్వు ఒక్క లైను రాస్తే ఎవరు చదువుతారు? ఫైల్లో పడి ఉంటుంది."

"ఎవరూ చదవని లైను నాతో ఎందుకు రాయించడమండీ?"

ఆయన గొంతు తగ్గించాడు. "గది విషయం కూడా ఆలోచించుకో."

ఆ సాయంత్రం ఇంట్లో ముగ్గురూ అన్నం తింటున్నారు. భర్త బస్సు కండక్టరు. పగలంతా హారన్ల మధ్య బతికేవాడు కాబట్టి ఇంట్లో రేడియో కూడా పెట్టనివ్వడు. ఆమె జరిగింది చెప్పింది. అత్తగారి కోసం రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

"రాసి పారేయవే" అంది అత్తగారు. "కందకు లేని దురద కత్తిపీటకెందుకు? వాళ్ళ యాంప్లిఫయరు, వాళ్ళ బాక్సులు, కాల్చుకోనీ. ఆ గది మీ మామయ్య ముప్పై ఏళ్ళు కూర్చున్న గది. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది."

"రాస్తే నా చేతిపని చెడ్డదని నేనే ఒప్పుకున్నట్టు అత్తయ్యా."

"అయితే అయింది. చేతిపని చేతిలోనే ఉంటుందిగా."

భర్త ముద్ద కలుపుతూ అన్నాడు. "పదకొండేళ్ళ కింద నన్నూ ఒకటి రాయమన్నారు. చెయ్యని తప్పు. సంతకం పెడితే ఉద్యోగం ఉంటుందన్నారు. పెట్టాను. ఉంది." ముద్ద అలాగే పట్టుకున్నాడు. "ఆ కాగితం ఇప్పటికీ ఎక్కడో ఫైల్లో ఉంది. కొత్త అధికారి వచ్చినప్పుడల్లా అతను చదివాడేమోనని మొహం చూస్తాను. అంతే."

ఈ సంగతి తల్లికి తెలియదు. ఈసారి రెండోసారి చెప్పాల్సిన అవసరం రాలేదు. అత్తగారు కొడుకు కంచంలో ఇంకొంచెం కూర వేసింది. 

"గదిలో మీ మామయ్య బల్ల మనదే గదూ" అంది చివరికి.

"మనదే."

"గోడ బల్బు?"

"మనదే."

"మరి గదిలో ఇంకేముంది?"

ఆదివారం పొద్దున్నే ఆమె యాంప్లిఫయర్ బాగుచేసింది. లోపల మాడిన సర్క్యూట్ పలక గీకి శుభ్రం చేసింది, ట్రాన్సిస్టర్లు వేసింది. బల్బు మీద పెట్టింది. ఒక్కసారి మెరిసి మసకబారింది. మూత తిప్పి, చెవి వెనక పెన్సిలు తీసింది. మూడో లైను రాసింది. ఆగి, రెండో లైను పక్కన ఇంకో ముక్క చేర్చింది. మూత బిగించింది.

నాలుగింటికి యాంప్లిఫయర్ మోసుకుని పైకి వెళ్ళింది. ఎవరూ పిలవకపోయినా అత్తగారు వెంట వచ్చి చివరి వరసలో కూర్చుంది, పీకేసిన బాక్సు పక్కనే.

కమిటీలో ఏడుగురు. అధ్యక్షుడు లేచి, యాంప్లిఫయర్ మాటిమాటికీ కాలడం విచారకరమనీ, మరమ్మతులో కొన్ని లోపాలు జరిగినట్టు తెలుస్తోందనీ, పాత మనిషి కాబట్టి పెద్దమనసుతో చూడాలనీ చెప్పాడు.

"ఆడలేక మద్దెల ఓడన్నాట్ట" అంది చివరి వరస. తనలో తానే అనుకుంది ఆవిడ. ఏడుగురూ తిరిగి చూశారు.

కమిటీలో ఒక రిటైర్డ్ మాస్టారు ఉన్నాడు. "ఆమెను కూడా చెప్పనివ్వండి" అన్నాడు.

ఆమె యాంప్లిఫయర్‌ను బల్ల మీద పెట్టింది. మూతకు ఆరు స్క్రూలు. ఒక్కోటీ విప్పి బల్ల మీద వరసగా పేర్చింది.  విప్పడం అయ్యేదాకా అందరూ స్క్రూలే లెక్కపెట్టారు. మూత తిప్పి మాస్టారి ముందు పెట్టింది.

ఆయన కళ్ళజోడు సర్దుకుని పైకి చదివాడు. మొదటి లైను. తేదీ, రెండు ట్రాన్సిస్టర్లు మార్చాను. రెండో లైను. తేదీ, నాలుగు మార్చాను, ఫ్యూజు స్థానంలో రాగితీగ ఉంది, తీసేశాను. పైకెళ్ళి బాక్సులు చూడలేదు, అది నా తప్పు. మూడో లైను. తేదీ, పైన రెండు కాదు, నాలుగు బాక్సులు. మీటరు ఒకటిన్నర. వెనక రెండూ తీస్తే మూడు. తీయకపోతే మళ్ళీ కాలుతుంది.

"మీటరు చూసిందెవరు?" అన్నాడు మాస్టారు.

"అల్లుడుగారండీ."

అల్లుడుగారు తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. అవునని అనలేదు. కాదనీ అనలేదు.

అధ్యక్షుడు మూత తన వైపు లాక్కున్నాడు. నవ్వడానికి ప్రయత్నించాడు. "సరే, అయిందేదో అయింది. ఇవన్నీ సామాను మీద రాసి ఉండటం హాలుకు మర్యాద కాదు. ఆ మూడో లైను ఒక్కటీ చెరిపెయ్యమ్మా. పెన్సిలే గదా. గది సంగతి ఇక ఎత్తను."

ఎవరిదో రబ్బరు బల్ల మీద ఆమె ముందుకు జరిగింది. చిన్న రబ్బరు. ఒక మూల అరిగిపోయింది.

ఆమె రబ్బరు వైపు చూసింది. పెన్సిలే గదా అన్న మాట నిజమే. రెండు రుద్దులు రుద్దితే పోతుంది. చెరిపిన చోట మచ్చ కూడా ఉండదు. ఆ తర్వాత ఎప్పుడో యాంప్లిఫయర్ మళ్ళీ కాలుతుంది. ఎవరో మూత విప్పుతారు. రెండు లైన్లు కనిపిస్తాయి. నా తప్పు అన్న మాట దగ్గర కథ ఆగిపోయి ఉంటుంది.

"రెండోది చెరపమంటే ఆలోచించేదాన్నండీ" అంది. "అది నా తప్పు, నాకు సిగ్గు. అయినా చెరపను. మూడోది నాది కాదు. అది దీని మాట. మూడుసార్లు కాలి చెప్పింది. నాకు అర్థం కావడానికి మూడుసార్లు పట్టింది. నేను చెరిపేది లేదు. మీరు చెరపాలంటే మూత విప్పి చెరుపుకోండి. ఏ స్క్రూ ఎక్కడిదో చూసుకుని బిగించండి."

మూత తీసుకుంది. బిగించింది. ఆరు స్క్రూలూ, ఒకదాని తర్వాత ఒకటి. చివరిదాన్ని మామూలుకన్నా పావు చుట్టు ఎక్కువ తిప్పింది.

"రేపటి నుంచి గది హాలు సామాన్లకు కావాలి" అన్నాడు అధ్యక్షుడు.

"సాయంత్రానికి ఖాళీ చేస్తానండీ. సామాన్లు రేపటిదాకా ఆగక్కర్లేదు."

మాస్టారు ఏదో అనబోయాడు. ఆమె అప్పటికే మెట్ల దగ్గర ఉంది. అత్తగారు ఆమె వెనకే లేచి, పోతూ పోతూ పీకేసిన బాక్సు మీద చెయ్యి వేసింది, అరచెయ్యే.

చీకటి పడకముందే గది ఖాళీ అయింది. బల్ల తలుపులోంచి పట్టలేదు. మామగారు లోపలే చేయించిన బల్ల అది. భర్త డ్యూటీ దిగి వచ్చి కాళ్ళు ఊడదీశాడు. గోడ బల్బును ఆమె చీర కొంగులో చుట్టి తెచ్చుకుంది.

మర్నాడు పొద్దున దర్జీ వచ్చేసరికి అతని గది ముందు వరండాలో బల్ల ఉంది. ఒక కాలు కింద మడిచిన అట్టముక్క పెట్టి ఆమె ఎత్తు సరిచూస్తోంది.

"అక్కా, చెప్తే నేనూ సాయం వచ్చేవాణ్ణిగా" అన్నాడు.

"ఇప్పుడు రా తమ్ముడూ. కిటికీలోంచి ఒక వైరు ఇవ్వు."

అతను ఇచ్చాడు. కుట్టుమిషను లైటు పక్కనుంచి వైరు బయటికి వచ్చింది. వరండా స్తంభానికి మేకు కొట్టి ఆమె తన బల్బు తగిలించింది. అత్తగారు క్యారియరు పక్కన పెట్టుకుని మెట్టు మీద కూర్చుంది. ఇక్కడ ఎటు చివరైనా నిలబడొచ్చని రెండుసార్లు చెప్పింది.

ఎనిమిదిన్నరకు ఒకతను సైకిలు మీద యాంప్లిఫయర్ కట్టుకుని వచ్చాడు. తాళం పడ్డ గది వైపు చూసి, వరండా వైపు చూసి, ఇటు తిప్పాడు.

అప్పుడే పైన హాల్లో పాట మొదలైంది. గట్టిగానే పెట్టారు. ఆమె చేతిలో స్క్రూడ్రైవరు ఆగింది. పాట వినిపిస్తోంది, దూరంగా, వేదిక వైపు నుంచి. వెనక కిటికీ అద్దం అదరడం లేదు.

దర్జీ మిషను తొక్కడం ఆపి తల ఎత్తాడు. ఆమె తల ఎత్తలేదు.

"బాక్సులు కూడా తెచ్చారా?" అని సైకిలతన్ని అడిగింది.

"లేదండీ, పాడైంది ఇదే."

"వెళ్ళి తీసుకురండి. ఇది ఇక్కడ ఉంటుంది."

అతను సైకిలు తిప్పాడు. ఆమె కుడిచెయ్యి తిరగేసి యాంప్లిఫయర్ వీపుకు ఆనించింది.